మేము తాగం

ఆవిడ పోయిందని ఆవిడ భర్త నా ఫోనుకి మెసేజ్ పెట్టాడు. కింద ఒక కాగితం ఫొటో కూడా ఉంది. వాళ్ళ దేశంలో చావు ప్రార్థనకి వచ్చినవాళ్ళకి పంచే కాగితమట. పైన ఆవిడ బొమ్మ, కింద ఆవిడ గురించి నాలుగు పేరాలు. మూడో పేరాలో నేనున్నాను. పేరు లేదు, 'ఇండియాలో ఒక టీచరు' అని మాత్రం ఉంది. నా గురించి అందులో ఒక మంచి మాట రాశారు. అది అబద్ధం. రాసినవాళ్ళకి అది అబద్ధమని తెలీదు. ఆ అబద్ధం నాది.

ఏడేళ్ళ కిందట వచ్చారు ఆ దంపతులు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. అమెరికావాళ్ళు, మార్మన్ మతస్థులు. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగాలు ముగిసి, పిల్లల బాధ్యతలు తీరాక, మొగుడూ పెళ్ళాం ఇంటికి తాళం పెట్టి చర్చి ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి ఏడాదో ఏడాదిన్నరో సేవ చేసి వస్తారు. వీళ్ళకి మా తిరుత్తణి వైపు తిరువళ్లూరు పడింది. ఈ సంగతి విని మా మేనత్త, "ఈ వయసులో కాశీకి పోతారు గానీ, ఎవురన్నా తిరుత్తణికి వస్తారా?" అంది. అదే మాట ఆవిడకి చెబితే, "కాశీ కూడా అడిగాను, ఇవ్వలేదు" అని మొహం గంభీరంగా పెట్టింది. అది హాస్యమని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

నడవలేనివాళ్ళకి చక్రాల కుర్చీలు అమర్చడం వాళ్ళ పని. మతం గురించి వాళ్ళంతట వాళ్ళు ఎవరితోనూ ఎత్తేవారు కారు. నాదేమో, తెలుగు మీడియం పిల్లలు తగ్గి తగ్గి సెక్షనే ఎత్తేసిన బడిలో ముందుగానే రిటైరైన బతుకు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ వచ్చని చెన్నైలో తెలిసినవాళ్ళు నా పేరు చెప్పారు. వారానికి మూడు రోజులు వాళ్ళ కారు తిరువళ్లూరు నుంచి వచ్చి తిరుత్తణి బస్టాండు దగ్గర నన్ను ఎక్కించుకునేది. ఊళ్ళమ్మట వాళ్ళతో తిరిగి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాలి.

ఆవిడ మనిషి ఎత్తరి. గుమ్మాలన్నీ తలకి తగిలేవి. మడమల దాకా గౌను, మొహాన తెల్లటి ఎండ క్రీము, రొమ్ము మీద నల్లటి బిళ్ళ. ఆ బిళ్ళ మీద 'సిస్టర్' అని ఇంగ్లీషులో ఉండేది. ఆ ఒక్క మాటతో మేం పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మా వైపు సిస్టరంటే నర్సు. ఏ ఊరికి పోయినా ముసలమ్మలు చీర కుచ్చిళ్ళు ఎత్తి పుళ్ళు చూపించేవాళ్ళు, బీపీ చూడమని జబ్బ చాపేవాళ్ళు. చదువుకున్నవాళ్ళయితే కన్యాస్త్రీ అనుకునేవాళ్ళు. అప్పుడు పక్కనున్న ఆయన ఎవరన్న అనుమానం వచ్చేది.

కొలతలు తీసేటప్పుడు చూడాలి ఆవిడని. కుర్చీ ఎవరైనా ఇస్తారు, ఒంటికి సరిపోయేది ఇవ్వాలని ఆవిడ పట్టు. ముందు రెండు అరచేతులూ చూపించేది, ముట్టుకుంటాను అన్నట్టు. ఎదుటి మనిషి తల ఊపాకే మోకాళ్ళ మీద కూర్చునేది. పేడతో అలికిన నేల అయినా, మేకలు తిరిగే వాకిలయినా అంతే. తుంటి వెడల్పు, మోకాలి నుంచి మడమకి ఎంత, అన్నీ టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకునేది. లేవడమే కష్టం, ఆవిడ మోకాళ్ళూ అరిగినవే. ఆయన చెయ్యందించి "ఒకటి, రెండు, మూడు" అని తెలుగులో లెక్కపెట్టి లాగేవాడు. ఆ మూడు అంకెలు తప్ప ఆయన తెలుగు నేర్చుకోలేదు.

ఆవిడ మాత్రం నేర్చుకుంది, అదీ తప్పుగా. 'చాలా'కి 'చాలు' అనేది. ఎవరింట్లోనైనా ముద్ద నోట్లో పెట్టుకుని "చాలు బాగుంది" అంటే, ఆ ఇల్లాలు 'చాలు' ఒక్కటే విని వడ్డించడం ఆపేసేది. దిద్దబోయి మానుకున్నాను. ఇరవై ఆరేళ్ళు పిల్లల తప్పులు దిద్దినదాన్ని, ఈ ఒక్క తప్పు వినడానికి బాగుండేది. ఇడ్లీకి జామ్ రాసుకుని తినేది. కృత్తిక పండక్కి కావళ్ళు మోసుకుంటూ గుడి ఉన్న కొండకి నడిచిపోయేవాళ్ళ వెనకాల మా డ్రైవరు హారను కొడితే, కారు ఆపించి దిగి, వాళ్ళు దాటేదాకా రోడ్డు పక్కన ఎండలో నిలబడింది. ఆ తర్వాత డ్రైవరుతో మాట్లాడలేదు. కోపం వస్తే అంతే, మొహం తిప్పుకునేది. గంట తర్వాత తానే బిస్కెట్టు ఇచ్చేది.

వాళ్ళ మతంలో టీ, కాఫీ తాగకూడదు. పొద్దున బస్టాండు పక్క హోటల్లో నేను ఫిల్టరు కాఫీ తాగుతుంటే వాళ్ళిద్దరూ వేడి పాలు తాగేవాళ్ళు. ఆవిడ నా గ్లాసు వైపు వంగి వాసన పీల్చి, "వాసనకి ఏ నిషేధమూ లేదు" అనేది.

మునెమ్మ ఇల్లు తిరుత్తణికి పది పన్నెండు కిలోమీటర్లు, ఆంధ్రా పొలిమేర దగ్గర ఒక ఊరి ఎస్సీ కాలనీలో. మొగుడు చెన్నైలో కట్టడం పనికి పోయి, మిద్దె మీంచి పడి, నడుము కింద చచ్చుబడి మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు. ఆ ఊరు నాకు తెలిసిన ఊరే. మా పెదనాన్నవాళ్ళ పొలాలు అక్కడే. కాలనీలోకి మాత్రం అంతకు ముందు అడుగు పెట్టలేదు.

మునెమ్మ ఆవిడ బిళ్ళ వైపు చూసి, "సిస్టరంటే ఆస్పత్రి సిస్టరా టీచరమ్మా? సూది ఏస్తారా?" అని అడిగింది.

"కాదు మునెమ్మా. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళని అట్లా పిలుస్తారు."

"చర్చిలో సిస్టర్లకి పెండ్లి ఉండదు గదా. ఈయన ఎవురు మరి?"

"మొగుడే."

మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకని ఆవిడ అడిగితే చెప్పాను. ఆవిడ ఇంకా పెద్దగా నవ్వి, మొగుడి భుజం మీద ఒకటి వేసింది. మంచంలో మనిషి కూడా నవ్వాడు. ఆ ఇంట్లో చాన్నాళ్ళకి నవ్వు వినపడిందని తర్వాత మునెమ్మ చెప్పింది.

కొలతలయ్యాయి. మునెమ్మ లోపలికి పోయి టీ తెచ్చింది. పళ్ళెంలో మూడు గ్లాసులు. రెండు స్టీలువి, వాళ్ళు రోజూ తాగేవి. మూడోది గాజుది, కొత్తది, అడుగున అంగడి స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది. ఎవరి కోసం కొన్నదో నాకు అర్థమైంది. తెల్లవాళ్ళకి పాత గ్లాసయినా ఫరవాలేదు. ఊళ్ళోవాళ్ళ ఇంటి ఆడబిడ్డని నేను. నాకోసం ఎవరూ నోరు పెట్టని గ్లాసు తెచ్చింది.

మా ఇళ్ళల్లో కాలనీవాళ్ళ చేతి నీళ్ళు తాగరు. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా 'తాగరు' అనే వచ్చింది చూడండి, 'తాగను' అని రాయాల్సిన చోట. అందరూ సమానమే అన్న పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ కాలనీ పిల్లలే నా క్లాసులో ముందు వరసలో కూర్చుని విన్నారు. చెప్పేవి నీతులు, తీసేవి గోతులు అంటారే, అది నాకు సరిగ్గా సరిపోతుంది.

ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఎంతో మర్యాదగా, ఏమీ అనుకోవద్దు, మేము టీ తాగం అని ఇంగ్లీషులో అంది. మేము అంటే ఆవిడా, ఆయనా. నావైపు చూసింది, చెప్పమని.

నేను మునెమ్మతో, "మేము తాగం" అన్నాను.

ఇంగ్లీషులో 'వీ' ఒక్కటే. మనకి రెండున్నాయి. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఐదో తరగతికి ప్రతి ఏడూ బోర్డు మీద రాసి చెప్పిన తేడా అది. నేను చెప్పాల్సింది, "వీళ్ళు తాగరు మునెమ్మా, వాళ్ళ మతంలో లేదు" అని. అట్లా చెబితే నేను విడిగా మిగిలిపోతాను. గాజు గ్లాసు నా ముందు ఉంటుంది. అందుకని 'మేము' అన్నాను. ఆవిడ మాటని ఉన్నది ఉన్నట్టు తెలుగు చేశానని ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఆ మాట వెనక నేను దాక్కున్నాను.

మునెమ్మ మూడు గ్లాసులూ చూసింది, నా మొహం చూసింది. "సరి" అని పళ్ళెం లోపలికి తీసుకుపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నీకు కాఫీ, టీ అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. అక్కడ తాగలేదు. మమ్మల్ని ఒంటరిగా వదలకూడదనేనా?" అని అడిగింది.

నేను తల ఊపాను. మనం ఊపుతామే, అవుననీ కాదనీ కాకుండా, అట్లా. మనవాళ్ళయితే మళ్ళీ అడుగుతారు. ఆవిడకి ఆ ఊపు అర్థం తెలీదు. అవును అనుకుంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. ఈ దేశంలో నాకోసం ఎవరూ ఇంత చెయ్యలేదు అంది. కాదని చెప్పడానికి తిరుత్తణి దాకా ఇరవై నిమిషాల దారి ఉంది. నేను కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి నా బతుకు నవ్వులాట అయింది. ఆవిడ ముందు కాఫీ తాగడానికి లేదు. పొద్దున హోటల్లో నేనూ పాలు తాగాల్సి వచ్చింది. ఒకసారి కొలతలకి పోయినప్పుడు మా పెదనాన్న కొడుకు ఇంట్లోనే భోజనాలు పెట్టారు. మా వదిన డికాక్షన్ దించి, నురగ పొంగించి నా ముందు పెట్టింది. "నేను తాగనొదినా" అన్నాను. వదిన నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని. ఆవిడేమో అందరికీ వినపడేట్టు నా త్యాగం గురించి చెప్పింది. అది తెలుగులో చెప్పమని నన్నే అడిగింది. చెప్పాను. ఏమని చెప్పానో ఇక్కడ రాయలేను. తర్వాత చేతులు కడుక్కునే మిషతో వంటింట్లోకి పోయి, ఆ కాఫీ నిలబడి గటగటా తాగాను. నాలుక కాలింది.

రెండు నెలలకి మునెమ్మ మొగుడికి కుర్చీ వచ్చింది. ఆవిడ నేల మీద కూర్చుని, అతని పాదాలు ఒకటొకటే ఎత్తి కుర్చీ కింది మెట్టు మీద పెట్టి, పట్టీలు బిగించింది. అతను తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుని గడప దాటి వీధిలోకి పోయాడు. మునెమ్మ వెనకాలే పోలేదు, గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆ రోజు టీ తేలేదు. ఏమీ తేలేదు.

ఆవిడ అది గమనించింది. తెలుగులో, "కొంచెం నీళ్ళు ఇస్తారా?" అని అడిగింది. డాక్టర్లు సీసా నీళ్ళు తప్ప తాగొద్దన్నారని నాకు తెలుసు. సీసా ఆవిడ సంచీలోనే ఉంది. మునెమ్మ కడవలోంచి చెంబుతో ముంచి ఇచ్చింది. ఆవిడ ఎత్తి తాగడం రాక, చెంబు పెదాలకి ఆనించి, గౌను తడుపుకుంటూ మొత్తం తాగింది. ఆయన కూడా తాగాడు. మునెమ్మ చెంబు పట్టుకుని నావైపు చూసింది. "నాకు దప్పిక లేదు" అన్నాను. మధ్యాహ్నం రెండు గంటలు. ఎండకి నా నోరు పిడచకట్టుకుపోయి ఉంది.

నాలుగు రోజులు ఆవిడ జ్వరంతో, వాంతులతో మంచాన పడింది. తిరువళ్లూరు పోయి చూసొచ్చాను. గంజి కాచి తీసుకుపోయాను, చీవాట్లు కూడా పెట్టాను. ఆవిడ దిండుకి ఆనుకుని అంతా విని, అప్పుడు అడిగింది.

"ఆ రోజు టీ వెనక్కి పట్టుకుపోతున్నప్పుడు ఆమె మొహం చూశాను. ఒక గ్లాసు టీ వద్దంటే మనిషి అంత నొచ్చుకోదు. నాకు తెలియనిది ఇంకేదో ఉంది. నీకు తెలిసే ఉంటుంది. చెప్పు."

చెప్పి ఉండాల్సింది అప్పుడే. ఎదురుగా జబ్బు పడ్డ మనిషి, ముసలి మనిషి, నన్ను నమ్మిన మనిషి. నేను చెబితే నన్ను కొట్టదు, తిట్టదు. మొహం తిప్పుకుంటుంది, అంతే. గంట తర్వాత బిస్కెట్టు ఇవ్వదేమో. ఆ భయమే నాకు. "మా దేశంలో ఇంటికొచ్చినవాళ్ళు ఏమీ తీసుకోకపోతే బాధపడతారు, అంతే" అన్నాను. ఆవిడ పుస్తకం తీసి అది కూడా రాసుకుంది. తర్వాత పోయిన ప్రతి ఇంట్లో నీళ్ళు అడిగి తాగింది. కాచి చల్లార్చినవేనా అని నన్ను అడగమని కూడా అనలేదు.

ఏడాదిన్నర అయ్యాక వెళ్ళిపోయారు. ప్రతి ఏడూ క్రిస్మస్‌కి మనవలు, మనవరాళ్ళ ఫొటోలు పంపేది. నేనూ జవాబు రాసేదాన్ని. ప్రతిసారీ ఈసారి రాద్దాం అనుకుని, వానల గురించీ, మా మేనత్త మోకాలి నొప్పుల గురించీ రాసి ముగించేదాన్ని. ఇప్పుడు రాయడానికి మనిషి లేదు. మూడో పేరాలో ఏముందంటే, ఇండియాలో ఒక టీచరు తన స్నేహితురాలిని ఒంటరిగా వదలడం ఇష్టం లేక, ఎంతో ఇష్టమైన కాఫీ ఏడాదికి పైగా మానేసిందనీ, స్నేహమంటే ఏమిటో అక్కడ నేర్చుకున్నానని ఆవిడ చివరిదాకా చెప్పేదనీ ఉంది. మునెమ్మవాళ్ళకి కూడా ఈ కబురు చెప్పమని ఆయన కింద రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కి పోయాను. మునెమ్మ మొగుడు వాకిట్లో అదే కుర్చీలో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. మునెమ్మ కబురు విని గడప మీద కూర్చుండిపోయింది.

"పావం ఆయమ్మ. ఏమైంది?"

"గుండె, మునెమ్మా. నిద్రలోనే."

"మా ఆయన కాళ్ళు పట్టుకునింది. కన్నతల్లి కూడా మొగం చిట్లించుకునే కాళ్ళు." కళ్ళు తుడుచుకుని ఫోను వైపు చూసింది. "ఏం రాసినారు దాంట్లో? చదవండి టీచరమ్మా."

మొదటి పేరా చెప్పాను, రెండోది చెప్పాను. ఎక్కడ పుట్టింది, ఎంతమంది పిల్లలు. మూడోదాని దగ్గర ఆగాను. దాన్ని దాటేసి నాలుగోదానికి పోవచ్చు. మునెమ్మకి ఇంగ్లీషు రాదు. ఈసారి ఆ పని చెయ్యలేకపోయాను. ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పాను. ముగించి, "అది నిజం కాదు మునెమ్మా" అన్నాను.

"తెలుసు" అంది.

బుట్ట అల్లే చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

"ఆయమ్మ వాళ్ళ దేశానికి పోయే ముందు కుర్చీ చూసేదానికి వచ్చింది గదా. మీరు బయట ఫోను మాట్లాడతా ఉండారు. నా చెయ్యి పట్టుకుని, మిమ్మల్ని చూపించి, 'టీచర్ చాలు మంచి, నాకోసం కాఫీ లేదు' అనింది. అవునా అని నన్ను అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"అవునన్నా."

"ఎందుకు?"

"ఇంకేం చెప్పేది? మా ఇంట్లో నీళ్ళు తాగి జొరం తెచ్చుకున్న మనిషి. ఈ టీచరమ్మ మీకోసం కాదు, మేము కాలనీవాళ్ళమని తాగలేదు అని చెప్తే ఆయమ్మ ఏమైపోయేది? మన ఊరి సంగతి ఆయమ్మ నెత్తిన ఎందుకు పెట్టల్ల?"

మన ఊరు అంది. మా ఊరు అనలేదు. నన్ను కూడా కలుపుకునే అంది.

లోపల పొయ్యి మీద టీ మరుగుతోంది. మునెమ్మ లేచి పోయి, మొగుడికి ఒక గ్లాసు తెచ్చి ఇచ్చింది, తన గ్లాసు తెచ్చుకుని మళ్ళీ గడప మీద కూర్చుంది. నన్ను అడగలేదు. "నాకూ ఒక గ్లాసు పొయ్యి మునెమ్మా" అన్నాను.

మునెమ్మ గ్లాసు దించి నావైపు చూసింది.

"ఇప్పుడెందుకు టీచరమ్మా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వాకిట్లో చెప్పులు వేసుకుని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేశాను.